నలభై శాతానికి ముందు

"షుగరే కదా!" అనే మాట మన విందుల్లో తరచు వినిపిస్తుంది. జిలేబీ వద్దన్నవారి విస్తట్లో మరొకటి వేస్తూ అనే మాట అది. ఈ రోజుల్లో ఎవరికి లేదు, ఒక మాత్ర ఎక్కువ వేసుకుంటే సరిపోతుందని దాని భావం. అదే పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు, అమ్మాయి చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ వేసుకుంటోందని తెలిసిందనుకోండి. "షుగరా!" అని ఒక్క మాట అని ఊరుకుంటారు, ఆ తర్వాత ఫోన్ రాదు. ఒకే జబ్బు ఒక చోట లెక్కలోకి రాదు, మరో చోట లెక్కలన్నీ తారుమారు చేస్తుంది. మధుమేహాన్ని వైకల్యంగా గుర్తించాలా వద్దా అన్న చర్చ కూడా చాలావరకు ఈ రెండు స్వరాల మధ్యే ఊగుతోంది. రెండింటిలోనూ కొంత నిజం ఉండటమే దాని చిక్కు.

ముందుగా జబ్బు విస్తృతి ఎంతో చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, పెద్దవారిలో ఇది 11.4 శాతమని అది అంచనా కట్టింది. వీరిలో చాలామంది ఉద్యోగానికి వెళ్తూ, పొలం చూసుకుంటూ, మనవలను బడికి దింపుతూ మామూలుగానే బతుకుతున్నారు. కొందరికి మాత్రం అది కళ్లను, నరాలను, మూత్రపిండాలను, కాళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుంటుంది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2013లో వచ్చింది. నడక, స్నానం, ఇంటిపనుల వంటి రోజువారీ పనుల్లో ఇబ్బంది కలిగే ముప్పు మధుమేహం ఉన్నవారిలో 50 నుంచి 80 శాతం ఎక్కువని అది తేల్చింది. ముప్పు ఎక్కువంటే అందరికీ వైకల్యం వస్తుందని కాదు. అలాగని మాత్ర వేసుకుంటే చాలని ధీమాగా ఉండటానికీ వీల్లేదు.

మన చట్టం ఈ విషయంలో మధ్యలో ఎక్కడో నిలబడింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. దాని స్థానంలో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతున్న 2016 నాటి హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. ఆ జాబితాలో మధుమేహం లేదు. కానీ మధుమేహం తెచ్చిపెట్టే అంధత్వం ఉంది, చూపు మందగించడం ఉంది, కాలు తీసేస్తే కలిగే చలన వైకల్యం ఉంది. అంటే చట్టం జబ్బును చూడదు, జబ్బు మిగిల్చిన నష్టాన్ని చూస్తుంది. ఆ నష్టమైనా 40 శాతానికి చేరితేనే రిజర్వేషన్, పింఛను, ఆదాయపు పన్ను రాయితీ వంటివి అందుతాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ శాతం తేల్చేది సదరం శిబిరమే. స్లాట్ తీసుకుని, రోజంతా వరుసలో కూర్చుని, డాక్టర్లు వేసిన అంకెతో ఇంటికి రావాలి.

ఈ పద్ధతిని తేలిగ్గా కొట్టిపారేయలేం. ప్రభుత్వం దగ్గర ఉన్న డబ్బు పరిమితం, అడిగేవారు ఎక్కువ. ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చడానికి ఏదో ఒక గీత ఉండాలి. ఆ గీత ఎంత స్పష్టంగా ఉంటే సిఫారసుకు, లంచానికి అంత తక్కువ చోటు ఉంటుంది. చూపును చార్టుతో కొలవవచ్చు. మోకాలి కింద కాలు ఉందో లేదో ఎవరైనా చూడగలరు. జబ్బు పేరు చెప్పి కాక, జరిగిన నష్టం చూపి సాయం అడగమనడంలో ఒక సమానత్వమూ ఉంది. రైలు ప్రమాదంలో కాలు పోయినవారికీ, షుగర్ పుండు ముదిరి కాలు పోయినవారికీ ఆ గీత ముందు తేడా లేదు.

అయితే మధుమేహం నష్టం చేసే తీరు వేరు. అది ఒకచోట పెద్ద దెబ్బ కొట్టడం కన్నా, పదిచోట్ల కొంచెం కొంచెంగా కొరుక్కు తింటుంది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే ప్రస్తుత లెక్కలో 30 శాతమే వస్తుంది. ఒకటి రెండు కాలివేళ్లు తీసేసినా నడవగలిగితే 40కి చేరడం కష్టం. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని అరికాళ్ల మంటలకు, పైకెత్తలేనంతగా పట్టేసిన భుజానికి, హఠాత్తుగా చెమటలు పట్టి కళ్లు తిరిగే లో షుగర్‌కు ఆ లెక్కలో చెప్పుకోదగ్గ చోటు లేదు. మూత్రపిండాల వైఫల్యం 21 రకాల్లో అసలు లేనే లేదు. ఒకటికి మించిన వైకల్యాలను కలిపి లెక్కించే సూత్రం ఉన్నా, జాబితాకు వెలుపల ఉన్నవి అందులోకి రావు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దగా కనిపించదు, కలిపి చూస్తే మనిషి ఏ పనీ చేయలేని స్థితిలో ఉంటాడు.

దీనికి ఎదురువాదమూ ఉంది. వచ్చిపోయే బాధను శిబిరంలో కొలవడం ఎలా? లో షుగర్ అన్నది డాక్టరు ముందు కూర్చున్న పది నిమిషాల్లో కనబడదు. మంట ఎంత ఉందో చెప్పేది రోగే. కొలవలేనిదాన్ని కొలతలో చేర్చితే, నిజంగా బాధపడేవారితో పాటు బాధను బాగా వర్ణించగలిగేవారూ లోపలికి వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో దివ్యాంగుల పింఛన్లను మళ్లీ పరిశీలించినప్పుడు జరిగిన అలజడి గుర్తుండే ఉంటుంది. అనర్హులను ఏరివేయాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టడం కష్టం. కానీ అందుకోసం ఎన్నో ఏళ్లుగా మంచం దిగనివారిని కూడా మళ్లీ ఆసుపత్రికి మోసుకెళ్లవలసి వస్తే, దుర్వినియోగానికి శిక్ష పడేది దుర్వినియోగం చేయనివారికే. గీత ఎంత వదులైతే ఆ తర్వాత జరిగే తనిఖీ అంత కఠినమవుతుందని గత అనుభవం చెబుతోంది.

ఇక మధుమేహాన్ని నేరుగా జాబితాలో చేర్చాలనేవారి వాదం చూద్దాం. అది కేవలం సానుభూతి మీద నిలబడినది కాదు. 2016 చట్టం హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ వంటి రక్త సంబంధ జబ్బులను చేర్చింది. పైకి ఏమీ కనిపించకపోయినా, నిరంతర చికిత్స లేనిదే బతుకు సాగని పరిస్థితి కూడా వైకల్యమే కాగలదని అంగీకరించింది. కుష్ఠు నయమైనవారి నిర్వచనం ఇంకా ఆసక్తికరం. చేతుల్లో, కాళ్లలో స్పర్శ పోయి, పైకి అంగవైకల్యం కనబడకపోయినా ఆ నిర్వచనంలోకి రావచ్చు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవారి పాదాల్లోనూ జరిగేది అదే. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చెప్పులో రాయి ఉన్నా తెలియదు, పుండు కనబడేసరికి ఎముక దాకా వెళ్లి ఉంటుంది. కుష్ఠు రోగుల కోసం వాడుకలోకి వచ్చిన మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులనే డాక్టర్లు షుగర్ రోగులకూ రాస్తారు. చెప్పులు ఒకటే, గాయం ఒకటే, చట్టంలో పేరు మాత్రం ఒకరికే ఉంది.

ఆ పోలిక బలమైనదే గానీ సంపూర్ణం కాదు. కుష్ఠును చట్టంలో చేర్చడానికి స్పర్శ పోవడమొక్కటే కారణం కాదు. ఆ జబ్బు వచ్చినవారిని సమాజం ఊరి బయట పెట్టింది. 2019లో సవరించే దాకా మన వివాహ చట్టాల్లో కుష్ఠు విడాకులకు ఒక కారణంగా ఉండేది. మధుమేహానికి అంతటి వెలి లేదు. పైగా రక్త జబ్బులున్నవారి సంఖ్యతో 10 కోట్లను పోల్చలేం. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇప్పటికే అంధులు, బధిరులు, చలన వైకల్యం ఉన్నవారు, మానసిక, బుద్ధి సంబంధ వైకల్యాలున్నవారి మధ్య పంచబడి ఉంది. ఆ కొద్దిపాటి చోటులోకి కోట్ల మందిని పంపితే, నెట్టుకుని ముందుకు వెళ్లగలిగేది చదువు, స్తోమత, మంచి చికిత్స ఉన్న మధుమేహులే. పుట్టు అంధుడు వెనక్కి పోతాడు. చట్టం ఉద్దేశం అది కాదు.

ఇక్కడ ఒక చిన్న సవరణ అవసరం. జాబితాలో చేర్చడం, రిజర్వేషన్ ఇవ్వడం ఒకటే కాదు. రక్త జబ్బులకు జాబితాలో చోటు ఉన్నా, ఉద్యోగ రిజర్వేషన్ వాటాల్లో వాటి పేరు లేదు. కాబట్టి చేరిస్తే కోటా మునిగిపోతుందన్న భయం కొంతవరకే సరైనది. ఒక గుర్తింపును ఒక ప్రయోజనానికి పరిమితం చేయవచ్చని ఆ చట్టమే చూపింది. కాకపోతే రాజకీయాల్లో గుర్తింపు ఒకసారి వచ్చాక ప్రయోజనం అడగకుండా ఉండదన్నదీ నిజమే.

కొందరు మధ్యే మార్గంగా టైప్ 1 మధుమేహాన్ని మాత్రం చేర్చమంటారు. ఇది ఆలోచించదగినదే. ఎక్కువగా చిన్న వయసులోనే వస్తుంది. ఇన్సులిన్ లేకపోతే ప్రాణానికే ముప్పు. సంఖ్య తక్కువ, నిర్ధారణ స్పష్టం. కేరళ ప్రభుత్వం టైప్ 1 పిల్లల కోసం 'మిఠాయి' పేరుతో ప్రత్యేక పథకం నడుపుతోంది, చక్కెర జబ్బు పిల్లల పథకానికి ఆ పేరు పెట్టడంలోని చమత్కారం అలా ఉంచితే. జబ్బున్న పిల్లలను విడిగా గుర్తించి సాయపడటానికి వైకల్య ముద్ర తప్పనిసరి కాదని కూడా ఆ పథకం చెబుతుంది.

కానీ టైప్ 1కు, టైప్ 2కు మధ్య చట్టం గీత గీస్తే, దాని వెనుక మరో గీత పడుతుంది. ఒకటి విధి తెచ్చిన జబ్బు, రెండోది నోరు కట్టుకోలేక తెచ్చుకున్న జబ్బు అని. టైప్ 2 కేవలం తిండి వల్ల రాదు. వంశపారంపర్యం ఉంది. సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు పేరుకునే మన శరీర తత్వం ఉంది. పగలంతా కూర్చుని చేసే పని ఉంది, రేషను బియ్యం తప్ప మరొకటి కొనలేని పేదరికం ఉంది. టైప్ 2 ఉన్న వ్యవసాయ కూలీకి జబ్బు బయటపడేది చాలాసార్లు పుండు మానకపోయినప్పుడే. అతన్ని బాధ్యత లేనివాడిగా, ఇన్సులిన్ పంపు కొనుక్కోగల పట్నం పిల్లవాణ్ని బాధితుడిగా చట్టం చూస్తే న్యాయం కుంటుపడుతుంది. సులువుగా గీయగలిగిన గీత అన్నిసార్లూ సరైన గీత కాదు.

పేరు విషయమూ తేలిక కాదు. గుర్తింపు లేకపోతే రక్షణ అడగడానికి ఆధారం ఉండదు. షుగర్ ఉందని ఉద్యోగం నుంచి తీసేశారని చెప్పుకుంటే, అది జబ్బు కదా, వైకల్యం కాదు కదా అంటారు. మరోవైపు గుర్తింపు ఒక ముద్ర కూడా. వికలాంగులనే మాటను దివ్యాంగులని మార్చినంత మాత్రాన పెళ్లిచూపుల్లో ఆ మాట బరువు తగ్గలేదు. ఇన్సులిన్ పెన్నును సంచి అడుగున దాచుకుని, స్నానాల గదిలో వేసుకునే అమ్మాయిలు ఇప్పుడే ఉన్నారు. వారికి వైకల్య ధ్రువపత్రం ఇస్తామంటే కొందరు ధైర్యంగా తీసుకుంటారు, మరికొందరు మరింత లోతుగా దాచుకుంటారు. దాచుకున్న జబ్బుకు చికిత్స కూడా సగమే అందుతుంది. ఏ వర్గం పెద్దదో ముందుగా చెప్పగలమనుకోవడం తొందరపాటు.

ఇతర దేశాల అనుభవం ఈ చిక్కుముడిని విప్పకపోయినా, ఏ పోగు ఎక్కడుందో చూపిస్తుంది. అమెరికాలో 1990లో వికలాంగుల చట్టం వచ్చింది. మందులతో అదుపులో ఉన్న పరిస్థితిని వైకల్యంగా చూడనక్కర్లేదని 1999లో అక్కడి సుప్రీంకోర్టు అనడంతో, షుగర్‌ను బాగా చూసుకునేవారికే రక్షణ లేకుండా పోయింది. 2008లో చట్టాన్ని సవరించి దాన్ని సరిదిద్దారు. ఇప్పుడు ఉద్యోగ వివక్ష విషయంలో మధుమేహం దాదాపుగా వైకల్యం కిందే లెక్క. అదే దేశంలో వైకల్య భృతి చెల్లించే సామాజిక భద్రతా సంస్థ 2011లో పెద్దలకు వర్తించే తన వైకల్యాల పట్టిక నుంచి మధుమేహాన్ని తొలగించింది. కన్ను, కాలు, మూత్రపిండం వంటి అవయవాలపై దాని ప్రభావాన్ని చూసి నిర్ణయిస్తామంది. అంటే ఒకే దేశం వివక్ష ప్రశ్నకు అవునని, డబ్బు ప్రశ్నకు చూసి చెబుతామని రెండు జవాబులిచ్చింది. ఇది వైరుధ్యంలా కనిపించవచ్చు. నాకైతే ప్రశ్నలు రెండైనప్పుడు జవాబులూ రెండుండటం సబబే అనిపిస్తుంది.

బ్రిటన్ చట్టం మరో కోణం చూపింది. అక్కడ చికిత్సను పక్కన పెట్టి, అది లేకపోతే మనిషి ఎలా ఉంటాడో చూడాలి. అలా ఇన్సులిన్ వాడేవారికి రక్షణ దొరుకుతుంది. కానీ తీపి పానీయాలు మానేసి టైప్ 2ను అదుపులో పెట్టుకున్న ఒక బస్సు డ్రైవరు కేసులో, ఆ మాత్రం ఆహార నియమాన్ని వైకల్యానికి సరిపోయే చికిత్సగా చూడలేమని అక్కడి అప్పీళ్ల ట్రిబ్యునల్ 2015లో తేల్చింది. ఎక్కడో ఒకచోట గీత పడక తప్పదని దీన్నిబట్టి తెలుస్తుంది. పథ్యం పాటించి జబ్బును వెనక్కి నెట్టినవాడే గీతకు అవతల పడటం మాత్రం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఇంతకీ ఉద్యోగంలో, బడిలో అడిగే రక్షణ ఎంతటిది? చాలాసార్లు పది నిమిషాలు. వేలు గుచ్చుకుని షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, నాలుగు బిస్కెట్లు తినడానికి. ఈ పది నిమిషాల విలువ తెలియాలంటే 1993లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనాన్ని గుర్తు చేసుకోవాలి. అమెరికా, కెనడాల్లో టైప్ 1 ఉన్న 1,441 మందిని సగటున ఆరున్నరేళ్లు గమనించారు. షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టినవారిలో కంటి జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం, నరాల జబ్బు ముప్పు 60 శాతం తగ్గాయి. అదే సమయంలో, మరొకరి సాయం కావలసి వచ్చేంత తీవ్రమైన లో షుగర్ దాదాపు మూడు రెట్లు పెరిగింది. రేపటి కన్నును కాపాడే చికిత్స ఇవాళ కళ్లు తిరిగేలా చేయగలదన్నమాట.

ఇప్పుడు ఆ మనిషిని మన షాపింగ్ మాల్ కౌంటరులోనో, కాల్ సెంటరులోనో, పరీక్ష హాలులోనో నిలబెట్టి చూడండి. మధ్యలో తినడానికి వీల్లేదు, లేవడానికి వీల్లేదు. కస్టమరు ముందు పడిపోతే పరువు, ఉద్యోగం రెండూ పోతాయి. అందుకని అతను తెలివిగా ఒక పని చేస్తాడు. ఇన్సులిన్ కొంచెం తగ్గించుకుంటాడు, షుగర్‌ను 250 దగ్గర ఉంచుకుంటాడు. ఆ రోజు గడిచిపోతుంది. పదిహేనేళ్ల తర్వాత కంటి వెనక పొరలో, పాదం నరాల్లో ఆ రోజుల లెక్క తేలుతుంది. అప్పుడతను సదరం శిబిరంలో కూర్చుంటాడు. పది నిమిషాలు ఇవ్వని యజమాని ఖర్చు మిగుల్చుకోలేదు, దాన్ని రోగి కాళ్ల మీదికి, చివరకు ప్రభుత్వ ఖజానా మీదికి తోశాడు. ఈ సంగతి ఒప్పుకుంటే, సదుపాయం ఇవ్వడం, వైకల్యాన్ని నివారించడం రెండు వేర్వేరు పనులు కావని ఒప్పుకోవలసి వస్తుంది.

సదుపాయం ఇవ్వడంలోనూ చిక్కులు లేకపోలేదు. సీబీఎస్ఈ 2017లో టైప్ 1 విద్యార్థులను చక్కెర మాత్రలు, పండ్లు, మంచినీళ్లు పరీక్ష హాల్లోకి తీసుకెళ్లనిచ్చింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2023లో తరగతి గదిలోనే షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి వీలు కల్పించింది. వీటికయ్యే ఖర్చు దాదాపు సున్నా. అయితే ఒంటికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్ ఫోనుకు సంకేతాలు పంపుతుందంటే, కాపీయింగుకు భయపడే ఇన్విజిలేటర్ వెనకాడటంలో తప్పులేదు. చిన్న దుకాణంలో ఇద్దరే పనిచేస్తుంటే ఒకరు పది నిమిషాలు లేవడం రెండోవారికి భారమే. ఇలాంటివాటికి కుదిరే జవాబులున్నాయి, కానీ వాటిని ఎవరో ఒకరు ముందుగా రాసి పెట్టాలి. లేకపోతే ప్రతిసారీ పిల్లవాడే బతిమాలుకోవలసి వస్తుంది.

డ్రైవర్ల విషయం మరింత సున్నితం. ఇన్సులిన్ వాడే డ్రైవరుకు రాత్రి ఘాట్ రోడ్డులో లో షుగర్ వస్తే యాభై మంది ప్రాణాలకు ముప్పు. ఇక్కడ ప్రయాణికుల పక్షం బలమైనది. సమానత్వం పేరుతో దాన్ని తోసిపుచ్చలేం. అలాగని స్టీరింగ్ నుంచి దింపడమంటే బతుకు నుంచి దింపడం కానక్కర్లేదు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించకుండా, అదే జీతంతో మరో పనికి మార్చాలని 2016 చట్టం చెబుతోంది. వర్ణాంధత్వం కారణంగా పక్కన పెట్టిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరికి తగిన మరో ఉద్యోగం ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ రక్షణ ఉందన్న నమ్మకం లేకపోతే డ్రైవరు ఏం చేస్తాడు? జబ్బు దాస్తాడు. కఠినమైన నియమం భద్రత కోసమే పుట్టినా, దిగాక దారి చూపకపోతే భద్రతనే దెబ్బతీస్తుంది. ప్రైవేటు లారీ, స్కూలు బస్సు నడిపేవారికి ఈ రక్షణ అందకపోవడం వేరే బాధ.

చట్టాన్ని మార్చకుండానే కొంత దూరం వెళ్లవచ్చేమో. ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒక ముఖ్యమైన తేడాను స్పష్టం చేసింది. చేతిరాత సమస్య ఉన్న ఆయనకు 40 శాతం వైకల్యం లేదని, పరీక్ష రాసిపెట్టే సహాయకుణ్ని నిరాకరించారు. 40 శాతం గీత రిజర్వేషన్ వంటి వాటికే వర్తిస్తుందని, తగిన సదుపాయం పొందే హక్కు ఆ గీతకు ఇవతల ఉన్న వికలాంగులకూ ఉంటుందని కోర్టు చెప్పింది. దీర్ఘకాలిక లోపం చుట్టూ ఉన్న అడ్డంకులతో కలిసి సమాన భాగస్వామ్యాన్ని అడ్డుకుంటే అది వైకల్యమేనని చట్టం ఇచ్చిన విశాల నిర్వచనం ఇందుకు ఆధారం. ఆ తీర్పు షుగర్ గురించి కాదు. దాన్ని షుగర్‌కు యథాతథంగా వర్తింపజేయడం సాగదీతే అవుతుందనేవారూ ఉండవచ్చు. కానీ చట్టానికి ఒకటి కాదు, రెండు తలుపులున్నాయని మాత్రం అది చూపింది.

డబ్బు విషయానికి వస్తే, సాయం కన్నా సాయం అందే సమయమే ఎక్కువ కలవరపెడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగులకు నెలకు 6,000, డయాలసిస్ రోగులకు 10,000 రూపాయలు ఇస్తున్నారు. తెలంగాణలో 2023లో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలైంది. ఇవి దయాధర్మం కాదు, సంపాదించే మనిషి కూర్చుండిపోయిన ఇంటికి ఆధారం. డయాలసిస్ పింఛను మరో పాఠం కూడా చెబుతుంది. వైకల్యాల జాబితాలో లేని జబ్బుకు కూడా ప్రభుత్వం తలుచుకుంటే విడిగా సాయం చేయగలదు. అయితే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో సహా మన ఆరోగ్య వ్యయం ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్స చుట్టూ అల్లుకుంది. కాలు తీసేశాక ప్రభుత్వం గుర్తిస్తుంది. ఆ కాలిని నిలబెట్టగలిగే చెప్పుల జత, ఏడాదికొకసారి కంటి పొర పరీక్ష, పాదం స్పర్శను నిమిషంలో తేల్చే సన్నని నైలాన్ తీగ పరీక్ష ఎవరి పద్దులోకీ సరిగ్గా రావు.

నివారణ మీద పెట్టుబడి పెట్టమనడం సులువు, అందులో కూడా ఒక ముల్లుంది. నివారించవచ్చు అనే మాట క్రమంగా నివారించుకోలేదేం అనే నిందగా మారుతుంది. కాలు పోయినవాణ్ని చూసి, చెబితే విన్నాడు కాదు అనడం మనకు అలవాటే. ఎండాకాలంలో గుడి బండల మీద ఒట్టికాళ్లతో ప్రదక్షిణ చేసి అరికాళ్లు బొబ్బలెక్కించుకునే షుగర్ రోగులు ఉన్నారు. కాళ్లు కాలుతున్న సంగతి వారికి తెలియదు. తప్పు భక్తిది కాదు, స్పర్శ పోయిందని వారికెవరూ పరీక్షించి చెప్పకపోవడానిది. పొలంలో, బురదలో ఎంసీఆర్ చెప్పులు నిలవవు. మందులు అయిపోయిన నెలలో కూలి దొరకకపోతే మాత్ర కొనరు. నివారణ మనిషి క్రమశిక్షణ మీద ఎంత ఆధారపడుతుందో, ఊరి ఆరోగ్య కేంద్రంలో మందు ఉందా లేదా అన్నదాని మీదా అంతే ఆధారపడుతుంది. నివారణ విఫలమైనవారికి పింఛను తగ్గించాలన్న ఆలోచన అందుకే ప్రమాదకరం.

ఇన్ని వైపుల నుంచి చూశాక, మధుమేహం వైకల్యమా అన్న ప్రశ్నకు ఒక్క జవాబు వెతకడం మానుకోవడమే మంచిదనిపిస్తుంది. దాన్ని మూడుగా విడదీయవచ్చు. చిన్నపాటి సదుపాయాలకు, వివక్ష నుంచి రక్షణకు శాతం అడగనక్కర్లేదు. డాక్టరు రాసిన చీటీ చాలు. టైప్ 1, టైప్ 2 తేడా కూడా అక్కర్లేదు, పనిలో ఏ అవసరం వచ్చిందన్నదే చూడాలి. పింఛను, రిజర్వేషన్ వంటి పరిమిత వనరులకు నష్టాన్ని కొలిచే ఇప్పటి పద్ధతే కొనసాగాలి. కాకపోతే మధుమేహం చేసే చెల్లాచెదురు నష్టాన్ని, ముఖ్యంగా స్పర్శ లేని పాదాన్ని, మూత్రపిండాన్ని కలిపి చూసే మార్గం ఆ కొలతలో ఏర్పడాలి. మూడోది, 40 శాతానికి ముందు చేయవలసిన ఖర్చుకు బడ్జెట్‌లో సొంత పద్దు ఉండాలి. మొత్తం జబ్బును జాబితాలోకి ఎక్కించడం ప్రస్తుతానికి వాయిదా వేయవచ్చు. టైప్ 1 పిల్లలకు రక్త జబ్బుల తరహాలో పరిమిత గుర్తింపు ఇవ్వాలా అన్నది మాత్రం ఆ పిల్లలను, వారి తల్లిదండ్రులను అడిగి, ఒకటి రెండు జిల్లాల్లో ప్రయత్నించి చూసి తేల్చవలసిన విషయం.

ఈ మార్గానికీ లోపాలున్నాయి. శాతం అడగని సదుపాయం కాగితం మీదే మిగలవచ్చు. అసంఘటిత రంగంలో పనిచేసే స్త్రీకి డాక్టరు చీటీ చూపించే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. కొలతను సవరిస్తే మళ్లీ తనిఖీల గొడవ రావచ్చు. అయినా గట్టి గుర్తింపు కోసం పట్టుబట్టి ఏళ్లు గడిపేకన్నా, ఖర్చు తక్కువ ఉన్నచోట ముందు కదలడం మేలేమో. వచ్చే పరీక్షల సీజన్‌కు ముందు మన రెండు రాష్ట్రాల బోర్డులు ఒక్క పేజీ ఉత్తర్వు ఇచ్చి, షుగర్ ఉన్న పిల్లలు హాల్లోకి ఏమేమి తీసుకెళ్లవచ్చో, సెన్సర్‌కు అనుసంధానమైన ఫోను ఎవరి దగ్గర ఉండాలో రాసి పెట్టవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగర్ చూసే రోజున పేషెంటును చెప్పులు విప్పమని, రెండు అరికాళ్లూ చూడవచ్చు. ఆ రెండూ జరిగినంత మాత్రాన వైకల్యం ఆగిపోదు. సదరం వరుసలో కూర్చోవలసిన కొందరు మాత్రం కొన్నేళ్లు ఆలస్యంగా కూర్చుంటారు, కొందరికి ఆ అవసరమే రాకపోవచ్చు.